పొద్దున్నకి గుర్తుంటేనే పాట

వీధిలో చిన్నాపెద్దా అందరికీ అతను పెట్టె మావయ్య. మెడకి ఎప్పుడూ అకార్డియన్ పెట్టె వేలాడుతుండేది మరి. మనిషి సన్నం, పెట్టె లావు. దూరం నుంచి చూస్తే మనిషి పెట్టెని మోస్తున్నాడో, పెట్టే మనిషిని మోసుకొస్తోందో తెలిసేది కాదు.

అతని పని బాణీలు కట్టడం. సినిమాలకి కాదు, ఆ గుమ్మం అతనెప్పుడూ తొక్కలేదు. గొడుగుల కంపెనీకి, చెప్పుల దుకాణానికి, సబ్బుకి, బస్సు డ్రైవర్ల సంఘానికి, చిన్నాచితకా పిల్లల బళ్ళకి. గొడుగు విప్పుతూ కూనిరాగం తీసేవాడికి ఆ రాగం ఎవరు కట్టారో తెలీదు. తెలియాలని పెట్టె మావయ్య కూడా ఏనాడూ అనుకోలేదు. జనం నోట్లో పడితే చాలు, పేరు ఎవడిక్కావాలి అనేవాడు. నిజంగానే అనేవాడు, గొప్పకి కాదు.

అతనికో పద్ధతి ఉండేది. బాణీ తోస్తే రాసుకోడు, రికార్డు చేసుకోడు. సాయంత్రం ఏదో తోచిందా, నాలుగుసార్లు పాడుకుని, దాన్ని అలాగే గాలికొదిలేసి పడుకుంటాడు. పొద్దున లేచాక గుర్తుంటే అది పాట. గుర్తు లేకపోతే దాని ఖర్మ. "కట్టిన నాకే గుర్తు లేనిది, గొడుగు కొనేవాడికేం గుర్తుంటుంది?" అని అతని వాదన. అలా పారేసిన బాణీలు ఎన్నో అతనికే తెలీదు. పారేసినందుకు బాధపడ్డదీ లేదు. రేపు ఇంకోటి వస్తుంది కదా.

"నువ్వు పారేసినవి ఏరుకుని ఇంకొకడు బతికేయొచ్చురా," అనేది అక్క.

అక్క కింద గదిలో బట్టలు కుట్టేది. తమ్ముడు పై గదిలో ఉండేవాడు. మధ్యలో ఒక చెక్క మెట్లదారి, మెట్ల కింద కుళాయి. అమ్మ పోయినప్పుడు వీడు లాగూ కూడా సరిగ్గా వేసుకోలేని వయసు. అక్కే పెంచింది. అక్కకి పెళ్ళయింది, ఒక కూతురు పుట్టింది, బావ తొందరగానే పోయాడు. ఇవన్నీ జరుగుతున్నప్పుడు తమ్ముడు పై గదిలోనే ఉన్నాడు, పెట్టె వాయించుకుంటూ. పెళ్ళెందుకు చేసుకోలేదురా అంటే, "పెట్టెకి సవతి దేనికి?" అనేవాడు. పెట్టె తిత్తి చిరిగితే అక్కే కుట్టేది. భుజం పట్టీలు తెగితే పాత కోటు గుడ్డతో కొత్తవి కుట్టి, లోపల దూది కూడా పెట్టింది, భుజం ఒరుసుకుపోకుండా.

అక్క మిషను తొక్కుడు మిషను. పాతది. కుంటిది. టకటకటకటక అని కొంతసేపు సవ్యంగా పోయి, ఒక దెబ్బ మింగేసి, మళ్ళీ అందుకునేది. మెకానిక్ వచ్చి చూసి లోపల పన్ను అరిగిందన్నాడు, మార్చేస్తానన్నాడు. అక్క ఒప్పుకోలేదు. "నా కాలికి ఆ కుంటే అలవాటు. నువ్వు బాగుచేస్తే నేను కుంటాలి," అంది.

ఆ చప్పుడు మీదే తమ్ముడి బతుకంతా నడిచింది. అతను కట్టిన బాణీలన్నిట్లోనూ ఎక్కడో ఒక చోట ఒక దెబ్బ ఖాళీగా ఉంటుంది. అదెక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, అతనూ ఆలోచించలేదు.

అక్కకి ఒకటే దెప్పు.

"గొడుక్కి కట్టావు, చెప్పులకి కట్టావు, ఆఖరికి దొడ్లు కడిగే మందుక్కూడా కట్టావు. నాకోటి కట్టరా అంటే మాత్రం నీకు తీరుబడి ఉండదు."

"నువ్వేం అమ్ముతున్నావని నీకు పాట?"

"నిన్ను అమ్ముదామనే. పాట ఉంటేనైనా ఎవడన్నా కొంటాడేమో."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కడతాలే అనేవాడు. ఏళ్ళ తరబడి అన్నాడు. ఇంట్లో మనిషికి ఇవ్వాల్సింది ఎప్పుడైనా ఇవ్వొచ్చు కదా అనుకుంటాం. గొడుగుల కంపెనీవాడైతే గడువు పెడతాడు.

తర్వాత రోజులు మారాయి. ఆ ముక్క అందరూ అంటారు, అనడం తేలిక. పెట్టె మావయ్య విషయంలో మారింది ఎలాగంటే, ఒక బడికి ప్రార్థన పాట కట్టి తీసుకెళ్ళాడు. ప్రిన్సిపాల్ గారి గదిలో కుర్చీలో కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని వాయించాడు. ఆవిడ తల ఊపుతూ విన్నది. పక్కన ఆఫీసు పని చూసే అమ్మాయి మాత్రం ఫోను బయటికి తీసి పెట్టె వైపు పట్టుకుంది. రికార్డు చేస్తోందేమో అనుకుని అతను ఇంకాస్త హుషారుగా వాయించాడు.

"మేడమ్, ఇది ఆల్రెడీ ఉంది," అంది ఆ అమ్మాయి.

ఫోను తిప్పి చూపించింది. పాట వినగానే అదేదో కనిపెట్టే యాప్ అది. తెరమీద ఎవరో పిల్లల గుంపు బొమ్మ, అతనికి చదవడం రాని లిపిలో ఒక పేరు. నొక్కితే మోగింది. మొదటి రెండు చరణాల మలుపూ అచ్చం అదే.

"నేను వినలేదమ్మా ఇది ఎప్పుడూ," అన్నాడు.

"మీరు వినలేదనే నేననుకుంటున్నాను," అంది ప్రిన్సిపాల్ గారు, చాలా మర్యాదగా. "కానీ పిల్లల తల్లిదండ్రులు ఊరుకోరండీ. ఎవరో ఒకరు కనిపెడతారు, నెట్లో పెడతారు. మా పరువు సంగతి కూడా చూసుకోవాలి కదా."

పెట్టె మడిచి బయటికొచ్చాడు. దొంగతనం చెయ్యకుండానే తేలు కుట్టించుకున్న దొంగలా ఉంది అతని పని.

స్వరాలు ఏడే. మనుషులు కోట్లు. ఎక్కడో ఎవడో అదే మలుపు తిరిగే ఉంటాడు. పూర్వమైతే ఆ ఇద్దరూ ఒకడి సంగతి ఒకడికి తెలియకుండా హాయిగా పాడుకుని హాయిగా పోయేవాళ్ళు. ఇప్పుడు ఇద్దర్నీ జుట్టు పట్టి తెచ్చి ఎదురెదురుగా నిలబెట్టే యంత్రం అందరి జేబుల్లోనూ ఉంది. నిలబెట్టి, ఇందులో నువ్వు రెండోవాడివిరా అని చెబుతుంది.

ఆ ఆదివారం మేనకోడలు వచ్చినప్పుడు ఆ యాప్ తన ఫోనులో వెయ్యమన్నాడు. ఆ పిల్ల కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, ఊరికి అవతలి చివర అద్దె గదిలో ఉంటుంది, వారానికోసారి వచ్చి అమ్మనీ మావయ్యనీ చూసి పోతుంది.

"నీకెందుకు మావయ్యా ఇది?"

"ముందే చూసుకుంటే పోలా. పరాయి వాళ్ళ దగ్గర మాట పడే బదులు."

"రోజూ చూసుకోకు మరి. లేని రోగం తగులుకుంటుంది."

ఆ పిల్ల సరదాకి అంది. అతనికి తగులుకుంది. బాణీ రెండు వరుసలు దాటగానే చెయ్యి ఫోను మీదికి పోయేది. హమ్ చేసేవాడు. యంత్రం ఒక క్షణం గుండ్రంగా తిరిగి ఏదో ఒకటి చూపించేది. అచ్చంగా అదే కానక్కర్లేదు, పోలిక ఉంటే చాలు, పాట అక్కడితో ఆపేసేవాడు. విత్తనం నాటినవాడు మొలకొచ్చిందో లేదోనని గంటకోసారి మన్ను తవ్వి చూస్తే ఏం మొలుస్తుంది? పొద్దున్నదాకా ఆగే పద్ధతి పోయింది. గుర్తుందా లేదా అని కాదు, ముందే ఎక్కడైనా ఉందా లేదా అనే ఇప్పుడు ప్రశ్న. పని ఇచ్చేవాళ్ళు కూడా తగ్గారు. గొడుగుల కంపెనీ అయితే నెట్లో దొరికే సంగీతం తెచ్చుకుని పని కానిచ్చేసింది, అది ఎవరిదీ కాదట.

అప్పుడే అక్క మంచం పట్టింది. గుండె అలిసిపోయిందన్నాడు డాక్టరు. మందులు రాశాడు, మెట్లెక్కొద్దన్నాడు, మిషను తొక్కొద్దన్నాడు. చివరిది విన్నప్పుడు మాత్రం అక్క కళ్ళు మూసుకుంది.

మిషను మీద గుడ్డ కప్పేశారు. ఇంటికి చెవుడు వచ్చినట్టయింది.

"ఒరేయ్," అంది ఒక సాయంత్రం. "నేను పోతాను గానీ, నాకు పాట కట్టకుండానే పంపిస్తావా?"

"ఊరుకో అక్కా. ఏం మాటలవి?"

"మాట తప్పించకు. గొప్పదేం వద్దు. ఇంకెవరికీ లేనిది కావాలి. జన్మంతా నేను కుట్టినవన్నీ ఇంకొకళ్ళ కొలతలే. నా కొలతకి ఒకటి కావాలి."

ఈసారి నవ్వలేదు. అతనూ నవ్వలేదు. సరేనన్నాడు.

ఇంకెవరికీ లేనిది. ఆ మాట తమ్ముడి నెత్తిమీద బండలా కూర్చుంది. పెట్టె ముందేసుకుని కూర్చునేవాడు, నాలుగు స్వరాలు పలికించేవాడు, ఫోను తీసేవాడు, పెట్టేసేవాడు. కింద నుంచి అక్క వినేది. పాట పుట్టి, కాసేపుండి, పోవడం. మళ్ళీ పుట్టడం, పోవడం.

"మిషను తుప్పు పడుతుందిరా, కాస్త నూనె వెయ్," అంది ఒకరోజు.

గుడ్డ తీసి, సూది దగ్గర, చక్రం దగ్గర నూనె చుక్కలు వేశాడు. నూనె లోపలికి దిగాలంటే తొక్కాలి కదా. కుర్చీ లాక్కుని తొక్కాడు. టకటకటకటక, ఒక దెబ్బ మింగుడు, మళ్ళీ టకటకటక. అక్క మంచం మీద నుంచి ఇటు తిరిగి చూస్తోంది. తొక్కుతుంటే తొక్కుతుంటే, ఆ మింగిన దెబ్బలోంచి జారినట్టు ఒక బాణీ వచ్చింది. వెతుక్కోలేదు. వచ్చింది, అంతే. ఎన్నాళ్ళ తర్వాతో.

ఆ సాయంత్రం ఫోను ముట్టుకోలేదు. పాత పద్ధతిలో వదిలేసి పడుకున్నాడు. పొద్దున లేచేసరికి నాలిక మీద సిద్ధంగా ఉంది, ఎక్కడా మాసిపోలేదు. చంటిపిల్లని ఎత్తుకొచ్చినట్టు పెట్టె ఎత్తుకుని కిందికొచ్చి అక్క మంచం పక్కన కూర్చుని వాయించాడు.

అక్క కళ్ళు మూసుకుని విన్నది. దుప్పటి కింద కాలు కదిలింది, తొక్కుతున్నట్టు.

"చాలా బాగుందిరా," అంది. తర్వాత నుదురు ముడిచి, "కానీ ఎక్కడో విన్నట్టుంది," అంది.

అక్క అబద్ధమాడదు. కొలత తప్పినా, కుట్టు వంకరపోయినా మొహం మీదే చెప్పే మనిషి. ఆ మాట పట్టుకుని పెట్టె మావయ్య మెట్లెక్కి పైకి పోయాడు, తలుపేసుకున్నాడు, ఫోను తీశాడు.

ఉంది.

పోలిక కాదు, అదే. మొదటి పలుకు నుంచే. ఎవరో పిల్ల గొంతు, కింద ఏదో టకటకలాడే తాళం, బొమ్మలో రంగురంగుల జుట్టు. లక్షలమంది విన్నారని రాసి ఉంది. కాలిన పెనం తాకినట్టు ఠక్కున ఆపేశాడు. ఆ చిన్న స్పీకర్లో సరిగ్గా నాలుగు క్షణాలు కూడా వినలేదు.

కిందికి దిగి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాది కాదక్కా."

"ఏది?"

"పాట. ఇంకెవరిదో. ఊరంతా వింటున్నారట. ఎక్కడ చెవినపడిందో, నాదే అనుకున్నాను."

"ఎవరిదైతే ఏంట్రా. నాకు నచ్చింది. నువ్వు నాకోసం వాయించావు. అదే ఉంచు."

"ఇంకెవరికీ లేనిది అడిగావు నువ్వు. ఎంగిలి పాట నీకెలా ఇస్తాను?"

"ఒరేయ్ సన్నాసీ, నేనేదో మాటవరసకి..."

"ఇంకోటి కడతాను. ఆగు."

అక్క ఆగలేదు. అంటే, తన చేతనైనంత ఆగింది. ఆ మధ్యలో ఒకటి రెండుసార్లు, "ఆ మిషను పాట ఇంకోసారి వాయించరా," అని కూడా అడిగింది. వద్దన్నాడు. పౌరుషం. ఇంటిమనిషి మంచంలో ఉంటే వీడికి పౌరుషం. పై గదిలో కూర్చుని కొత్తది కట్టబోయాడు. రాలేదు. వచ్చినవన్నీ ఎవరివో ఒకరివి. ఒక మధ్యాహ్నం మేనకోడలు అన్నం తినిపించి గిన్నె కడగడానికి వెళ్ళి వచ్చేలోపల అక్క పోయింది. పై గదిలో అప్పటికీ పెట్టె మోగుతూనే ఉంది. ఆ పిల్ల మెట్ల కింద నిలబడి, "మావయ్యా, ఇక ఆపు," అంది. అంతే అంది. అతనికి అర్థమైంది.

ఆ తర్వాత పెట్టె మూత తియ్యలేదు. వీధివాళ్ళకి చూడ్డానికి వింతగా ఉండేది, పెట్టె లేకుండా పెట్టె మావయ్య. ఇంకా సన్నగా కనిపించేవాడు.

ఒక ఉదయం చొక్కాలు తెచ్చుకుందామని మూలమీద ఇస్త్రీ కొట్టుకి వెళ్ళాడు. ఇస్త్రీ అతను కొత్తగా పెద్ద స్పీకరు కొన్నాడు, గోడ అదిరేలా పెట్టుకుని పనిచేసుకుంటాడు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. అదే. రంగు జుట్టు పిల్ల పాట. పెట్టె మావయ్య మొహం తిప్పుకుని వెళ్ళిపోబోయాడు.

పెద్ద స్పీకరు కదా. ఫోనులో గుసగుసలాడిన తాళం ఇక్కడ గుండెల మీద కొడుతోంది. టకటకటకటక. ఒక దెబ్బ మింగుడు. మళ్ళీ టకటకటక.

అతని కాలు ఆగిపోయింది.

"ఇది... ఈ తాళం ఏంటి?" అన్నాడు.

"బీట్ మావయ్యా. అదిరిపోయింది కదా? అసలు పాటకంటే ఈ బీటుకే జనం పడి చస్తున్నారు."

"బీటు కాదు నాయనా. మా అక్క మిషను."

ఇస్త్రీ అతను ఇస్త్రీపెట్టె నిలబెట్టి అతని మొహం చూశాడు. పాపం, అక్క పోయాక మనిషి దారి తప్పినట్టున్నాడు అనుకున్నాడు. "టీ తాగుతావా మావయ్యా?" అన్నాడు.

ఆదివారం దాకా ఆగలేదు. కళ్ళజోళ్ళ దుకాణానికే వెళ్ళాడు. మేనకోడలు ఎవరికో అద్దాలు పెట్టి అక్షరాలు చదివిస్తోంది. అది అయ్యేదాకా బల్ల మీద కూర్చున్నాడు. ఆ పిల్ల దగ్గరికి రాగానే పాట హమ్ చేశాడు.

"ఇది నీకు తెలుసా?"

"ఓ, తెలియకపోవడమేంటి. నువ్వు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ పాడావు కదా. అమ్మ ఇంకా బాగున్నప్పుడు. నేను మెట్ల మీద కూర్చుని వీడియో తీశాను." ఆ పిల్ల మొహంలో ఏ కల్మషం లేదు. "ముద్దుగా ఉందని నెట్లో పెట్టాను. కాసిన్ని లైకులు వచ్చాయి. తర్వాత మర్చేపోయాను."

"నేను పాడానా?"

"నీకు గుర్తులేదా?"

ఎందుకుంటుంది? ఆ సాయంత్రం పాడాడు, వదిలేశాడు, పొద్దున్నకి పోయింది. పద్ధతి ప్రకారం పారేశాడు. యంత్రానికి అలాంటి పద్ధతి లేదు. అది ఏదీ పారెయ్యదు. ఎవరో దాన్ని ఏరుకున్నారు, అతని ముసలి గొంతు తీసేసి పిల్ల గొంతు పెట్టారు, మిషను చప్పుడు బాగుందని అది ఉంచుకున్నారు. అక్క "ఎక్కడో విన్నట్టుంది" అన్నది ఇదే. విన్నది. ఇతని దగ్గరే విన్నది, తన మిషను దగ్గర కూర్చుని.

మేనకోడలికి ఒక్కొక్కటే అర్థమవుతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తన ఫోనులో ఆ పాత వీడియో వెతికి తీసింది. దాని కింద ఎవరెవరో రాసినవి ఉన్నాయి. అన్నిటికంటే పైన ఉన్నది చదివి, గబుక్కున వేలితో మూసింది.

"ఏం రాశారు?"

"ఏదో చెత్త."

"చదువు."

"ఈ ముసలాయన హిట్ పాటని కాపీ కొట్టి పాడుతున్నాడు, సిగ్గులేదు, అని." ఆ పిల్ల వేలితో తెర పైకి జరిపింది. "మావయ్యా, మనది ముందు. తారీఖు ఉంది. కంప్లయింట్ పెడదాం. పేరు వేయించుకుందాం."

"పేరు ఎవడిక్కావాలి," అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. ఈసారి మాత్రం అంటూనే తెర మీదకి వంగాడు. "వెయ్యి. మొత్తం వెయ్యి."

వేసింది. తెరమీద మెట్ల కింద కుళాయి. బనీనుతో వంగి, మొహం మీద నీళ్ళు కొట్టుకుంటూ పాడుతున్న మనిషి. వెనక గదిలోంచి టకటకటకటక. పాట అయిపోయింది, అతను తువ్వాలు కోసం తడుముకుంటున్నాడు, కుళాయి ధారగా పోతూనే ఉంది. రంగు జుట్టు పిల్ల పాట ఇక్కడికే కత్తిరించారు. వీడియో మాత్రం ఇంకాస్త ఉంది. మిషను ఆగింది. లోపల్నుంచి అక్క గొంతు.

"కుళాయి కట్టెయ్ రా సన్నాసీ, నీళ్ళు పోతున్నాయ్. ఒరేయ్, ఈ పాట బాగుంది. ఇది నాకుంచెయ్. పొద్దున్నకి మర్చిపోకు."

తెరమీది మనిషి తువ్వాల్లో మొహం పెట్టుకుని ఏదో గొణిగాడు. సరేలే అన్నాడో, ఏమన్నాడో వినపడలేదు.

దుకాణంలో ఎవరో అద్దం పెట్టి అక్షరాలు పైకి చదువుతున్నారు. మేనకోడలు భుజం మీద చెయ్యేసింది. అతను ఆ చివరి ముక్క మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ వేసింది. మళ్ళీ వెయ్యమన్నాడు.

పెట్టె మావయ్య ఇప్పుడు బాణీలు కట్టడం లేదు. కింది గదిలోనే ఉంటున్నాడు. పొద్దున లేవగానే, మొహం కూడా కడుక్కోకముందు, మిషను దగ్గర కూర్చుని కాస్త తొక్కి ఆ పాట ఒకసారి పాడుకుంటాడు, గుర్తుందో లేదో చూసుకోవడానికి. ఉంటుంది. మర్చిపోదామన్నా ఎలా మర్చిపోతాడు? అతను నోరు మూసే లోపలే మూలమీద ఇస్త్రీ కొట్టు తెరుస్తారు, స్పీకరు పెడతారు, అదే పాట.